కూనల్ని పుట్టించే ముందు

(సంఘం వార్షికోత్సవ సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "సుబేదార్ సాబ్, ఈసారి మీరు మాట్లాడాలి" అంటే వెనకాడాను. నేను ఇంటర్ చదివి 1988లో ఫౌజులో చేరినవాణ్ణి. సాహిత్యం మీద, చరిత్ర మీద మాట్లాడేవాళ్ళు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది కుక్కలు. 28 ఏళ్ళ సర్వీసు రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్‌లో, ఎక్కువ భాగం కెన్నెళ్ళ మధ్యనే గడిచింది. ఆ మాటే చెబితే ఆయన నవ్వి, "రిటైరై ఊరికి పోయిన మనవాళ్ళలో సగం మంది మీకు ఫోన్ చేసేది కుక్కపిల్ల కోసమే కదండీ, అదే చెప్పండి" అన్నారు.

నిజమే. ఫోన్ వస్తే మొదటి మాట "బాగున్నారా సాబ్", రెండో మాట "మంచి క్రాస్ పిల్ల ఏమన్నా ఉందా?" లాబ్రడార్-షెపర్డ్ క్రాస్ కావాలి, లేకపోతే లాబ్రడార్‌కీ మన నాటుకుక్కకీ పుట్టింది కావాలి. తోట కాపలా కాయాలి, పిల్లల్ని ఏమీ అనకూడదు, ఎండకు ఓర్చుకోవాలి, ఖర్చు తక్కువ అవ్వాలి. పుస్తకాల్లో సంకరజాతి అంటారు, మనం మిక్స్ అంటాం, క్రాస్ అంటాం. ఇవాళ నేను మాట్లాడేది వాటి గురించే. వాటిని ఎలా పుట్టించాలి, ఎప్పుడు పుట్టించకూడదు అనేది. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది చెప్పకుండా మిగతాది చెప్పే అర్హత నాకు లేదనుకుంటాను.

ముందు ఫౌజు సంగతి రెండు ముక్కలు. మీరట్‌లో మా కోర్ సెంటర్ ఉంది, అక్కడే కుక్కల శిక్షణ. వాసన పట్టడానికి లాబ్రడార్లు, కాపలాకీ జాడ పట్టడానికీ జర్మన్ షెపర్డులు, ఇప్పుడు బెల్జియన్ మాలినోయిలు. 2016లో కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ కుక్కల్ని కూడా తెచ్చి శిక్షణ మొదలుపెట్టారు. అన్నీ శుద్ధ జాతులే కదా, మరి మిక్స్ కుక్కల గురించి నీకేం తెలుసు అని మీరు అడగొచ్చు. అక్కడ నేను నేర్చుకున్నది రికార్డు చూడటం. ఒక కుక్కను జత కట్టించాలంటే దాని అమ్మ ఎలాంటిది, నాన్న ఎలాంటివాడు, తోబుట్టువుల్లో ఎన్నింటికి తుంటి బాగుంది, ఎన్ని పనికి నిలబడ్డాయి, తుపాకీ మోతకు ఏది బెదిరింది, ఇవన్నీ చూడాలి. కుక్క అందంగా ఉంటే సరిపోదు. ఆ రికార్డు చూసే అలవాటు శుద్ధ జాతికి ఎంత అవసరమో మిక్స్‌కూ అంతే అవసరం. ఇంకా ఎక్కువే అంటాను, ఎందుకంటే మిక్స్ కుక్కకు కాగితాలు ఎవరూ రాసిపెట్టరు.

మిక్స్ కుక్కకు రోగాలు రావు అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. సగం నిజం. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యశాలలో 1995 నుంచి 2010 దాకా వచ్చిన 27,000 పైచిలుకు కేసులు తీసి, వంశపారంపర్యంగా వచ్చే 24 జబ్బుల్ని పోల్చి చూశారు. 2013లో అచ్చయింది. 10 జబ్బులు శుద్ధ జాతుల్లో ఎక్కువ. మోకాలి లిగమెంట్ తెగడం అనే ఒక్కటి మిక్స్ కుక్కల్లో ఎక్కువ. మిగతా 13లో తేడా లేదు. ఆ తేడా లేనివాటిలో హిప్ డిస్‌ప్లేసియా ఉంది, అంటే తుంటి కీలు గిన్నెలో సరిగ్గా కూర్చోకపోవడం. లాబ్రడార్‌కీ ఆ జబ్బు ఉంది, షెపర్డ్‌కీ ఉంది. రెండింటినీ కలిపితే అది కొట్టుకుపోదు. తల్లివైపు అప్పు, తండ్రివైపు అప్పు, రెండూ ఉన్న ఇంట్లో పుట్టిన కొడుక్కి ఏం మిగులుతుందో అదే.

రైతు బిడ్డలకు ఇంకోలా చెప్తాను. హైబ్రిడ్ పత్తి విత్తనం వేస్తే మొదటి పంట ఏపుగా, ఒకే తీరుగా వస్తుంది. ఆ పత్తిలోంచి గింజ తీసి మళ్ళీ వేస్తే? ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు. కుక్కల్లోనూ రెండు భిన్నమైన జాతుల మొదటి కాన్పు కాస్త ఒకే పోలికతో ఉంటుంది. ఆ కూనల్ని వాటిలో వాటికే కలిపితే రెండో తరంలో ఎటు పోతాయో చెప్పలేం. అందుకే "మా క్రాస్ కుక్కకూ మీ క్రాస్ కుక్కకూ వేద్దాం, అచ్చం ఇలాంటివే పుడతాయి" అనేవాళ్ళ మాట నమ్మకండి.

అలాగని మిక్స్ తక్కువేం కాదు. బ్రిటన్‌లో గుడ్డివాళ్ళకు దారి చూపే కుక్కల్ని తయారుచేసే సంస్థ లాబ్రడార్‌నీ గోల్డెన్ రిట్రీవర్‌నీ కావాలనే కలుపుతుంది. ఆ పనికి ఆ మిక్స్ బాగా నిలబడింది. ఇంకో కథ ఆస్ట్రేలియాది. విక్టోరియాలో ఇదే పని చేసే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన 1989లో లాబ్రడార్‌నూ పూడిల్‌నూ కలిపాడు. హవాయి నుంచి ఒక గుడ్డి ఆవిడ కుక్క కావాలని అడిగింది, ఆమె భర్తకు కుక్క వెంట్రుక పడదు. ఒక అవసరం కోసం, ఒక మనిషి కోసం చేసిన పని అది. పుట్టిన మూడు కూనల్లో ఆయనకు పడింది ఒక్కటే. మూడింటికి ఒకటి! కానీ ఆ 'లాబ్రడూడిల్' పేరు ప్రపంచమంతా పాకి, ఎవరు పడితే వాళ్ళు ఆరోగ్యం చూడకుండా, గుణం చూడకుండా కూనల్ని పుట్టించి అమ్మడం మొదలుపెట్టారు. ఆ పని మొదలుపెట్టినందుకు తాను చింతిస్తున్నానని 2019లో ఆయనే చెప్పుకున్నాడు. నాకు ఆ మాట బాగా తగిలింది. ఎందుకంటే ఆ సంవత్సరమే నా ఇంటి సంగతి నడుస్తోంది.

2016లో రిటైరై గిద్దలూరు దగ్గర మా ఊరికి చేరాను. నల్లమల పక్కనే. బత్తాయి తోట, కొంచెం పొగాకు. అడవిపందులు వస్తాయి, అప్పుడప్పుడు చిరుత కూడా వచ్చి ఊళ్ళో కుక్కల్ని ఎత్తుకుపోతుంది. కాపలాకు లచ్చి అనే ఆడకుక్కను పెంచాను. తల్లి లాబ్రడార్, తండ్రి ఊరకుక్క. నాతో, మా ఇంటిదానితో ప్రాణం. కానీ దీపావళి వస్తే మంచం కిందినుంచి రెండు రోజులు బయటికి వచ్చేది కాదు. కొత్తవాళ్ళు వస్తే ఎదురొచ్చి అరవడం కాదు, వెనక్కి వెనక్కి పోయి, గోడకు ఆనుకుని, చెయ్యి దగ్గరికి పోతే పళ్ళు ఆడించేది. ఫౌజులో అయితే ఆ కుక్కను కాన్పులకు వాడాలని నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. భయంతో కరిచే కుక్క కోపంతో కరిచే కుక్క కన్నా ప్రమాదం, ఎప్పుడు కరుస్తుందో దానికే తెలియదు. ఇది నేను కుర్ర హాండ్లర్లకు పాఠం చెప్పినవాణ్ణి. ఇంటికొచ్చేసరికి "కాపలాకుక్కకు ఆ మాత్రం ఉండాలిలే" అనుకున్నాను. మన కుక్క కదా!

2018 అక్టోబరులో లచ్చి ఎదకొచ్చింది. చిత్తకార్తె. ఆ మాట వింటే మనవాళ్ళు నవ్వుతారు గానీ, మన పెద్దలు ఊరికే అనలేదు. వానలు వెనకబట్టాకే వీధికుక్కలు ఎక్కువగా కడతాయి, చలికాలంలో ఈనుతాయి. టౌనులో తెలిసినాయన దగ్గర జర్మన్ షెపర్డ్ ఉంది, చూడ్డానికి పులిలా ఉండేది. తీసుకెళ్ళి జత కట్టించాను. తుంటి ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు. ఇంటికి తెచ్చి, పనయిపోయిందిలే అని కొట్టం తలుపు సరిగ్గా వెయ్యలేదు. ఎద మూడు వారాలు ఉంటుందనీ, ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల కూనలు పుట్టొచ్చనీ నాకు తెలియక కాదు. డిసెంబరులో ఏడు కూనలు ఈనింది. ఒకటి పోయింది. ఆరింటిలో రెండు అచ్చం మా వీధి ఎర్రకుక్క! మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట అంటుంది, "మీరట్‌లో ఇన్నేళ్ళు చేసొచ్చి మీరు కాపలా కాసింది ఇదా" అని.

అది నవ్వుకునే భాగం. మిగతాది కాదు. కూనల్ని పొగాకు బ్యారన్‌లో పెట్టాను. రోజుకు రెండుసార్లు నేను పోయి గిన్నె పెట్టి వచ్చేవాణ్ణి. వేరే మనిషి మొహం అవి చూడలేదు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా లోకాన్ని నేర్చుకునే వయసు. అప్పుడు చూసినవి దానికి మామూలు, చూడనివి జీవితాంతం అనుమానం. నేను వాటికి చూపించింది నాలుగు మట్టిగోడలు. మేత ఎక్కువైందని 40 రోజులకే పంచేశాను. పిల్లను పెంచడం తెలుసా, ఇంట్లో ఎవరెవరున్నారు అని ఒక్కరినీ అడగలేదు. అడిగినవాళ్ళకు ఇచ్చాను, సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను.

ఎనిమిది నెలలకు ఒక కూన వెనక కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టింది. ఎక్స్‌రే తీస్తే తుంటి. అది పులిలాంటి తండ్రి ఇచ్చిన ఆస్తో, ఈ ఇంటిదో తేల్చడానికి ఏ కాగితమూ లేదు.

ఇంకొకటి పక్క ఊళ్ళో మా పాత మిత్రుడికి ఇచ్చాను. ఆయన హవల్దారుగా రిటైరయ్యాడు, నాకన్నా మంచివాడు. 2020 సంక్రాంతికి ఆయన మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. ఐదేళ్ళ పిల్ల. వరండాలో కుక్క పడుకుని ఉంటే పక్కన కూర్చుని మెడ చుట్టూ చెయ్యి వేసింది. పిల్లలు వేస్తారు. అది బుగ్గ పట్టుకుంది.

నేను పోయేసరికి గాయం సబ్బునీళ్ళతో కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ ఒక్కటి మావాడు సరిగ్గా చేశాడు, పావుగంట ధార కింద కడిగాడు. మొహం మీది కాటు కాబట్టి గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించి, తర్వాత కుట్లు వేశారు. రేబిస్ సూదులు 28వ రోజు దాకా. కుక్కకు టీకా వేయించారా అంటే లేదు. నేను ఇచ్చేటప్పుడు చెప్పలేదు, ఆయన అడగలేదు. పది రోజులు ఆ కుక్కను విడిగా కట్టేసి చూశాం. ఆ పది రోజులు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. నేను హై ఆల్టిట్యూడ్‌లో చేశాను, కాశ్మీర్‌లో చేశాను. అక్కడ రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది. పదకొండో రోజు కుక్క మామూలుగా తిని తిరుగుతుంటే మా ఇద్దరికీ ఊపిరొచ్చింది.

మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. "కుక్క అన్నాక కరుస్తుంది, నీ తప్పేముంది సాబ్" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ కుక్కను నేనే వెనక్కి తెచ్చుకున్నాను. తోటలో కంచె వేసి, ఆపరేషన్ చేయించి, నా చేత్తో మేపాను. లచ్చికి కూడా ఆపరేషన్ చేయించాను. అది 2020.

తర్వాత రెండేళ్ళు ఎవరు కూన అడిగినా లేదన్నాను. ఊళ్ళో వీధికుక్కలు ఇన్ని ఉంటే మళ్ళీ కొత్తగా పుట్టించడం ఎందుకనే ప్రశ్న కూడా ఉంది, చాలా న్యాయమైన ప్రశ్న. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఆదేశాలు, మళ్ళీ వాటిని సవరించడం మీరంతా పేపర్లో చదివారు. ఉట్టి తోడు కోసమైతే వీధిలో పుట్టిన కూననే ఎనిమిది వారాలప్పుడు తెచ్చి, టీకాలు వేయించి పెంచుకోండి అంటాను. మా ఊళ్ళో నలుగురు అలాగే పెంచుతున్నారు. కానీ ఫలానా పనికి, ఫలానా గుణం ఉన్న కుక్క కావాలంటే తల్లినీ తండ్రినీ చూసి పుట్టించక తప్పదు.

2022లో రెండోసారి ప్రయత్నం చేశాను. ఈసారి ఆడకుక్క పేరు గంగ. మా బావమరిది ఇంట్లో పుట్టింది, తల్లి నాటుది, తండ్రి లాబ్రడార్, రెండూ నాకు కళ్ళముందు తెలిసినవే. నాటు తల్లి దగ్గర్నుంచి ఎండకు ఓర్చే ఒళ్ళు వచ్చింది. మేనెలలో కూడా తోట చుట్టూ తిరిగేది. దాన్ని రెండేళ్ళు ఊరికే చూశాను. చెవి పక్కన స్టీలు పళ్ళెం పడేశాను. ఉలిక్కిపడింది, ఐదు నిమిషాల్లో పోయి ఆ పళ్ళేన్ని వాసన చూసింది. ఉలిక్కిపడటం తప్పు కాదండీ. ఎంతసేపట్లో తేరుకుంటుందో చూడాలి. ముసలాళ్ళు, పసివాళ్ళు, కర్ర పట్టుకున్న గొర్రెలకాపరి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, అందరి దగ్గరా దాన్ని నడిపించాను. రెండేళ్ళు నిండాక తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళి తుంటి ఎక్స్‌రే తీయించాను. కారు కిరాయి చూసి మా ఆవిడ "కూతురి పెళ్ళిసంబంధానికి కూడా ఇంత తిరగలేదు" అంది.

మగకుక్క కర్నూలులో వైమానిక దళంలో వారంట్ ఆఫీసరుగా చేసి రిటైరైన ఒకాయనది. లాబ్రడార్. తుంటి ఎక్స్‌రే ఉంది. నేను దాన్ని ఇంట్లో చూడనన్నాను. ఇంట్లో ఏ కుక్కైనా మంచిదే. కల్యాణమండపం బయట, బాజాల మధ్య చూశాను. దాని ఎదుట గొడుగు టపీమని తెరిచాను. తోక ఊపుకుంటూ గొడుగు కిందికొచ్చింది. రెండింటికీ బ్రుసెల్లా రక్తపరీక్ష చేయించాం. ఇది చాలామందికి తెలియదు. జతలో అంటుకుంటుంది, కడుపు పోతుంది, మనుషులకూ సోకుతుంది. మన ఊళ్ళలో గేదెకు ఎదసూది వేయించేటప్పుడు ఆ దున్న తల్లి పూటకెన్ని లీటర్లు ఇచ్చిందని అడిగే రైతు, కుక్క దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న అడగడు.

జత కట్టించాక మూడు వారాలు పూర్తయ్యేదాకా గంగ ఇంటి లోపలే. తలుపుకు తాళం, తాళంచెవి మా ఆవిడ దగ్గర. నా మీద నమ్మకం లేక. నెల దాటాక స్కానింగ్, 55 రోజులు దాటాక కూనలెన్నో తెలియడానికి ఒక ఎక్స్‌రే. అరవై మూడు రోజులు అటూ ఇటూ. చివరి వారం రోజుకు రెండుసార్లు థర్మామీటరు పెట్టి చూశాను. ఒంటి వేడి 99 డిగ్రీల కిందికి దిగితే ఒక రోజు లోపల ఈనుతుంది. ఆ రాత్రి నేను పక్కనే చాప వేసుకున్నాను. ఆరు పుట్టాయి, ఆరూ బతికాయి.

ఈసారి పెంపకం వంటింటి పక్కన వసారాలో. మూడో వారం నుంచి వాటికి కుక్కర్ విజిల్ అలవాటే, మిక్సీ అలవాటే. గచ్చు, ఇసుక, గోనెసంచి, తడి నేల, అన్నింటి మీదా నడిపించాను. ట్రాక్టరు శబ్దం మొదట దూరంనుంచి, రోజూ కాస్త దగ్గరగా. తుపాకీ మోతకు కూడా ఫౌజులో ఇలాగే నెమ్మదిగా అలవాటు చేస్తాం, ఒక్కసారిగా చెవి పక్కన పేల్చం. బడి వదిలాక పిల్లలు వచ్చేవాళ్ళు, ఒక్కొక్కళ్ళు కూర్చుని ఒక్కొక్క కూనను ఒళ్ళో పెట్టుకోవాలి, పరుగెత్తించకూడదు, తోక లాగకూడదు అని నియమం. కూనలకు పిల్లలు అలవాటయ్యారు, పిల్లలకు కూనలతో ఎలా ఉండాలో అలవాటైంది. రెండోది ఎక్కువ అవసరమేమో అనిపిస్తుంది నాకు. పాలు మరిచాక ఒక్కో కూనను రోజులో కాసేపు విడిగా ఉంచేవాణ్ణి, ఒంటరిగా ఉంటే ఏడవకుండా. నట్టల మందు, పార్వో-డిస్టెంపర్ టీకా తేదీలు వేసి ఒక్కోదానికి ఒక చీటీ రాశాను. రేబిస్ టీకా మూడో నెలలో మీరు వేయించాలి అని ఆ చీటీలోనే ఎర్రసిరాతో రాశాను.

గంగ కట్టకముందే ఐదిళ్ళు అనుకున్నాను. ఆ ఐదిళ్ళకూ పోయి చూశాను, గోడ ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు, చిన్నపిల్లలున్నారా. ఒకాయన గొలుసుతో కట్టేసి ఉంచుతానంటే ఇవ్వనన్నాను, ఆయనకు కోపం వచ్చింది, ఇప్పటికీ మాట్లాడడు. ఎనిమిది వారాలు నిండాక ఇచ్చాను. ఏ వయసులోనైనా, ఏ కారణానికైనా మీకు వద్దనిపిస్తే రోడ్డు మీద వదలొద్దు, నాకే తెచ్చివ్వండి అని సంతకం పెట్టించాను. ఒకటి వెనక్కి వచ్చింది కూడా, ఆ ఇంటివాళ్ళు దుబాయి పోతూ ఇచ్చారు. తర్వాత దానికి వేరే ఇల్లు దొరికింది. గంగకు ఆ ఒక్క కాన్పుతో సరి, 2023లో ఆపరేషన్ చేయించాను.

అన్నీ బంగారమని చెప్పను. ఒకటి టపాకాయలకు భయపడుతుంది. ఒకటి వద్దన్నా కోళ్ళ వెంట పడుతుంది. కానీ ఇప్పటిదాకా ఏ ఒక్కటీ మనిషిని పట్టలేదు, కాలు ఈడ్వలేదు.

అమ్మకం పెట్టుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే ఒక మాట. 2017 నుంచి కుక్కల సంతానోత్పత్తికి, అమ్మకానికి కేంద్రం నిబంధనలు ఉన్నాయి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా, 8 ఏళ్ళు దాటాక కాన్పు చేయించకూడదు. ఏడాదికి ఒక్క కాన్పే, జీవితం మొత్తంలో ఐదు మించకూడదు. ఎనిమిది వారాల లోపు కూనను అమ్మకూడదు. నా లెక్కలో ఐదు కూడా ఎక్కువే. ఖర్చు లెక్క చెప్పమని కొందరు అడుగుతారు. ఎక్స్‌రేలు, పరీక్షలు, టీకాలు, ఆరు కూనల మేత, తిరుపతి కిరాయి, అన్నీ కలిపితే కూనలమ్మి బాగుపడదామనుకునేవాడు ఈ పనిలోకి రాడు.

గంగ కూనల్లో ఒకదాన్ని నేను ఉంచుకున్నాను, పేరు సిపాయి. ఈ ఏడాది సంక్రాంతికి మా మిత్రుడు మనవరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్లకు ఇప్పుడు పదేళ్ళు. బుగ్గ మీద గీత సన్నగా కనపడుతుంది. గేటు బయటే ఆగి "తాతా, కుక్కను కట్టేశారా?" అంది. కట్టేసి చూపించాను. లోపలికొచ్చి, గోడ పక్కగా నడిచి, చాలా దూరంలో నిలబడి, చేతిలో బిస్కెట్టు వాడి వైపు విసిరింది. వాడు తినేదాకా చూసింది. దగ్గరికి రాలేదు. నేనూ రమ్మనలేదు.